శిలాజం బొమ్మ చూసి జంతువు తవ్వేదో కాదో చెప్పే కాగితం ముక్క

మా సిరొంచ దగ్గరి వడధంలో రాక్షసబల్లుల శిలాజాలు చూసి వచ్చినప్పటి నుంచి పిల్లలు ఏ ఎముక బొమ్మ కనిపించినా "ఇది పరుగెత్తేదా, తవ్వేదా?" అని ప్రాణం తీస్తున్నారు. క్షీరదాలదైతే కొలబద్ద కూడా అక్కర్లేదు, నిష్పత్తి చాలు.

ముంగాలి అరత్ని ఎముక (మోచేయి నుంచి మణికట్టు దాకా ఉండే రెండు ఎముకల్లో మోచేతి కొన ఉన్నది) పక్కన సన్నని కాగితం ముక్క పెట్టి మూడు గీతలు గీయండి: మోచేతి వెనుక పొడుచుకొచ్చిన కొన దగ్గర, కీలు గుంట మధ్యలో, మణికట్టు దగ్గర. మొదటి భాగం రెండోదానిలో ఎన్నిసార్లు పడుతుందో చూడండి. రెండు మూడు సార్లే పడితే తవ్వే జంతువు కావచ్చు. చేతిని బలంగా చాచే కండరం అంటుకునేది ఆ కొనకే. దక్షిణ అమెరికాలో అంతరించిన గ్లోసోథీరియం అనే నేల స్లాత్ జంతువు అలాంటిదే. నాలుగైదు సార్లు పడితే తవ్వకానికి అంత అనువైన చేయి కాదు.

ముందు మేక ఎముకపై సాధన చేయండి. అందులో అరత్ని సన్నగా, పక్క ఎముకకు అతుక్కుని ఉంటుంది. కొన మాత్రం స్పష్టంగా తెలుస్తుంది.

ఏటవాలుగా తీసిన ఫోటో, కొన విరిగిన ఎముక వద్దు. నీటికుక్కలా ఈదే జంతువులకూ ఆ కొన పొడవే, అందుకే గోళ్ల ఎముకలు కూడా చూడండి.