పాఠం 3: చింతపిక్కలతో పెట్రి నెట్

పోయిన పాఠంలో ఒకే కత్తెర, ఒకే టేపు పంచుకునే ఇద్దరు దర్జీలకూ (రాజు, సోము) కలిపి ఒకే స్టేట్ మెషీన్ (ఏ స్థితి నుంచి ఏ స్థితికి వెళ్ళొచ్చో చూపే బొమ్మ) గీయబోయి, గీతలన్నీ చిక్కుపడిపోయి వదిలేశాం కదా. ఒక్కో దర్జీకి 3 స్థితులు చొప్పున పదిమంది ఉంటే 59,049 కాంబినేషన్లు, అంత బొమ్మ ఎవరు గీస్తారు! 1962లో కార్ల్ ఆడమ్ పెట్రి అనే జర్మన్ తన పీహెచ్‌డీ థీసిస్‌లో వేరే దారి పట్టాడు, అదే పెట్రి నెట్. ఎవరి స్థితి వాళ్ళ దగ్గరే ఉంటుంది, ఒక పని జరిగితే దాని చుట్టుపక్కల మాత్రమే మార్పు వస్తుంది.

కాగితం, నాలుగు చింతపిక్కలు తెచ్చుకోండి. నవ్వకండి, స్క్రీన్ మీద చూస్తే ఇది బుర్రకెక్కదు.

ఎనిమిది సున్నాలు గీయండి: కత్తెర, టేపు, రాజు ఖాళీ, రాజు సగంలో (ఒకటి చేతికొచ్చింది, రెండోది ఇంకా రావాలి), రాజు కోతలో, మళ్ళీ సోముకి అవే మూడు. ఇవి ప్లేస్‌లు. జరిగే ప్రతి పనికీ ఒక గడి గీయండి, అది ట్రాన్సిషన్. పిక్క అంటే టోకెన్. రూలు ఒక్కటే: గడిలోకి బాణం వచ్చే సున్నాలన్నిటిలో పిక్క ఉంటేనే అది ఫైర్ అవుతుంది, అంటే ఆ పని జరుగుతుంది, అప్పుడు ఆ పిక్కలు తీసేసి, గడి నుంచి బాణం వెళ్ళే ప్రతి సున్నాలో ఒకటి పెట్టాలి. రెండు తీసి ఒకటే పెట్టాల్సి రావచ్చు, పిక్క ఎక్కడ పోయిందని వెతక్కండి.

రాజు ముందు కత్తెర తీసి, తర్వాత టేపు తీస్తాడు. సోముది తిరకాసు, ముందు టేపే కావాలి. కోత అయ్యాక ఎవరైనా రెండూ తిరిగి పెట్టేస్తారు. మొదట పిక్కలు కత్తెర, టేపు, ఇద్దరి ఖాళీల్లో ఉంటాయి.

ఆడండి. రాజు కత్తెర తీశాడు: కత్తెర పిక్క, ఖాళీ పిక్క పోయి ‘రాజు సగంలో’ ఒకటి వచ్చింది. ఇప్పుడు అతన్ని టేపు తీయనివ్వకుండా సోము చేత తీయించండి. బల్ల మీద రెండే పిక్కలు, రెండూ ‘సగంలో’. ఏ గడీ ఫైర్ కాదు. డెడ్‌లాక్ అంటే ఇదే, కళ్ళెదురుగా.

పిక్కల అమరికని మార్కింగ్ అంటారు. ఈ ఆటలో చేరగలిగే మార్కింగ్‌లు మొత్తం 6, అందులో చచ్చినది, అంటే ఇక ఏ గడీ ఫైర్ కానిది, ఒక్కటే. అయినా ఆ ఒక్కటి చాలు, షాపు మూతపడటానికి. నిజం ప్రోగ్రాముల్లో ఇది వెయ్యి రన్‌లకోసారి తగిలి ప్రాణం తీస్తుంది, టెస్టింగ్‌లో ఒక పట్టాన దొరకదు, ఇలా అమరికలన్నీ లెక్కపెడితే మాత్రం దొరికిపోతుంది.

ఇంటిపని: సోము కూడా ముందు కత్తెరే తీసేలా బాణాలు మార్చి మళ్ళీ ఆడండి. నాకు 5 మార్కింగ్‌లు వచ్చాయి, ఒక్కటీ చావలేదు. మీకు 6 వస్తే సోము ఇంకా టేపు వైపే చూస్తున్నట్టు.