ఎమ్మెల్యే నుంచి ప్రజలకు ఆరోగ్య లేఖ: ఎలా రాయాలి, ఎలా చేరవేయాలి?

వానలు పడ్డ రెండు మూడు వారాలకు ఊళ్ళో జ్వరాలు మొదలవుతాయి. ఎమ్మెల్యే కార్యాలయం నుంచి ప్రజలకు ఒక మాట వెళ్ళాల్సింది అప్పుడే. ఏ జ్వరం తిరుగుతోంది, ఏ వీధుల్లో ఎక్కువగా ఉంది, రక్తపరీక్ష ఎక్కడ చేస్తారు, ఇంట్లో ఈ రోజు ఏం చేయాలి. ఈ నాలుగు సంగతులు తెలిస్తే సగం భయం పోతుంది. ఒక్కో శాసనసభ నియోజకవర్గంలో సగటున రెండు లక్షలకు పైగా ఓటర్లు ఉంటారు. పార్టీలతో పని లేకుండా అంతమందికి ఆరోగ్యం గురించి చెప్పే హక్కు, బాధ్యత ఎమ్మెల్యేకి ఉన్నాయి.

నేను కొన్నేళ్ళు ఒక ఎమ్మెల్యే కార్యాలయంలో ఇలాంటి లేఖలు రాశాను. ఆ అనుభవంతో చెబుతున్నాను. వార్డు సభ్యులకు, కాలనీ సంక్షేమ సంఘాల వారికి కూడా ఇదే పద్ధతి పనికొస్తుంది.

1. ఒక లేఖకు ఒకే జబ్బు

డెంగీ, విరేచనాలు, కంటి శిబిరం, కొత్త రోడ్డు అన్నీ ఒకే లేఖలో కుక్కితే ఏదీ గుర్తుండదు. మార్చి నుంచి మే దాకా వడదెబ్బ, తొలకరి తర్వాత వాంతులు విరేచనాలు, జూలై నుంచి నవంబరు దాకా డెంగీ, మలేరియా. ఈ వరుస గోడ మీద రాసి పెట్టుకుంటే ఏ నెలలో ఏం రాయాలో వెతుక్కోనక్కరలేదు. అభివృద్ధి పనుల కబుర్లకు వేరే లేఖ పెట్టుకోండి.

2. ముందు ఆశా కార్యకర్తను అడగండి

జిల్లా వైద్య ఆరోగ్యశాఖాధికారి కార్యాలయంలో వారం వారం జ్వరాల లెక్క ఉంటుంది. అది తప్పకుండా తీసుకోవాలి. కానీ ఆ లెక్క కాగితం మీదికి రాకముందే వీధిలో సంగతి ఆశా కార్యకర్తకు తెలుస్తుంది. "ఈ వారం మీ వీధుల్లో ఎన్ని ఇళ్ళలో జ్వరం ఉందమ్మా?" అని అడిగితే చాలు. తర్వాత ఏఎన్ఎంను, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరును అడిగి సరిచూసుకోండి. నీటి సంగతైతే పంపు ఆపరేటరునే అడగాలి. ట్యాంకు ఎప్పుడు కడిగారు, చివరి కుళాయి దగ్గర క్లోరిన్ ఎంత ఉంది? లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలి. ట్యాంకు దగ్గర సరిపోయినా, ఊరి చివరి కుళాయికి వచ్చేసరికి ఏమీ మిగలని చోట్లున్నాయి.

డెంగీ లెక్కల్లో ఒక మెలిక ఉంది. ప్రైవేటు ఆసుపత్రుల్లో చాలావరకు కార్డు పరీక్షతో, అంటే అక్కడికక్కడే ఫలితం చూపే చిన్న కిట్టుతో, డెంగీ అని చెబుతారు. ప్రభుత్వం ల్యాబులో చేసే ఎలైజా రక్తపరీక్షలో తేలినవాటినే లెక్కిస్తుంది. అందుకే రెండు అంకెలు ఎప్పుడూ కలవవు. "అనుమానితులు ఇంతమంది, నిర్ధారణ అయినవారు ఇంతమంది" అని రెండూ రాస్తే దాచిపెట్టారనే మాట రాదు.

3. పంపే ముందు రోజు మళ్ళీ ఫోను చేయండి

ఈ మెట్టు దాటేస్తే మిగతా శ్రమంతా వృథా. ఒకసారి "జ్వరం రెండు రోజులు దాటితే ఆరోగ్య కేంద్రానికి వెళ్ళండి, పరీక్ష ఉచితం" అని రాసి పంపాను. మర్నాడు ఒక పెద్దావిడ మనవణ్ణి తీసుకుని ఆటోలో ఆ కేంద్రానికి వెళ్ళింది. ల్యాబ్ టెక్నీషియన్ ఆ వారమంతా సెలవులో ఉన్నాడు. ఆవిడ సాయంత్రం మా కార్యాలయానికి వచ్చి, మడత పెట్టిన ఆ కాగితం బల్ల మీద పెట్టి, "మీరు రాశారనే వెళ్ళాను బాబూ" అంది. అంతకు మించి ఒక్క మాట అనలేదు. ఆ కాగితం చాలాకాలం నా సొరుగులోనే ఉంది.

అప్పటి నుంచి లేఖలో పేరు వచ్చిన ప్రతి చోటికీ ముందు రోజు ఫోను చేసేవాణ్ణి. ఎవరు ఉంటారు, ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల దాకా, ఏ గదిలో, పరీక్ష కిట్లు ఎన్ని ఉన్నాయి. అరగంట పని.

4. చదివేవారికి కావలసింది ముందు రాయండి

"మన ప్రియతమ నాయకులు ఎంతో శ్రమించి" అని మొదలుపెడితే రెండో వరుసకు ఎవరూ రారు. ఎమ్మెల్యే పేరు కింద సంతకంగా ఉంటే చాలు. పైన తేదీ, వారం, సంవత్సరం తప్పనిసరి. వాట్సాప్‌లో తిరిగే సందేశం ఏడాది తర్వాత కూడా మళ్ళీ బయటకు వస్తుంది. తేదీ లేకపోతే పాత భయం కొత్తగా పుడుతుంది. కింద ఉన్నది ఒక నమూనా. ఊరిని బట్టి మార్చుకోండి.

"పాత బస్టాండు వెనక వీధుల్లో ఈ వారం ఆరుగురికి డెంగీ తేలింది. పోయిన వారం ఇద్దరికే. ఈ రోజు సాయంత్రంలోగా మీ ఇంట్లో డ్రమ్ములు, తొట్లు, కూలర్లు, పూలకుండీల కింది పళ్ళేలు ఖాళీ చేయండి. లోపలి వైపు పీచుతో గట్టిగా రుద్ది కడగండి. దోమ గుడ్లు అక్కడే అంటుకుని ఉంటాయి. నీళ్ళు పారబోసినంత మాత్రాన పోవు. జ్వరం రెండు రోజులు దాటితే ఏరియా ఆసుపత్రి నాలుగో గదికి రండి. ఉదయం 9 నుంచి 12 దాకా రక్తం తీసుకుంటారు. డబ్బు కట్టనక్కరలేదు. డాక్టరు చెప్పకుండా పారాసెటమాల్ తప్ప వేరే నొప్పి మాత్రలు వేసుకోకండి. జ్వరం తగ్గాక కడుపులో బాగా నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ నుంచి రక్తం, చేతులు కాళ్ళు చల్లబడటం కనిపిస్తే వెంటనే 108కి ఫోను చేయండి. ఖాళీ స్థలంలో ఉన్న పాత టైర్లు ఇంకా తీయలేదు. బుధవారంలోగా తీస్తామని మున్సిపల్ కార్యాలయం చెప్పింది."

ఇందులో రెండు వాక్యాలను ఎవరెంత చెప్పినా తీసేయకండి. మొదటిది రుద్ది కడగమన్నది. డెంగీ దోమ మంచినీటి అంచున, పాత్ర గోడకు గుడ్లు పెడుతుంది. అవి ఎండినా నెలల తరబడి బతికి, మళ్ళీ నీళ్ళు తగలగానే పొదుగుతాయి. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం, పది రోజులు చాలు. నీళ్ళు నిలిచే పాత్రలన్నీ ఖాళీ చేసి ఆరబెట్టేందుకు శుక్రవారం డ్రై డే అని వారానికొక రోజు పెట్టింది అందుకే. 2020లో హైదరాబాద్‌లో ఇంట్లో నిలిచిన నీళ్ళు తీసేయడానికి ప్రతి ఆదివారం పది గంటలకు పది నిమిషాలు అని చేపట్టిన కార్యక్రమం లెక్క కూడా అదే. కారణం ఒక్క వాక్యంలో చెబితే జనం మనసుపెట్టి చేస్తారు. ఊరికే ఆజ్ఞాపిస్తే చేయరు.

రెండోది జ్వరం తగ్గాక జాగ్రత్త అన్నది. డెంగీలో ప్రాణం మీదికి వచ్చే ఘడియ చాలాసార్లు జ్వరం దిగాకే వస్తుంది. ఒళ్ళు చల్లబడింది కదా అని పిల్లవాణ్ణి ఇంటికి తీసుకెళ్ళిపోతారు. ఆ ఒకటి రెండు రోజులు కనిపెట్టుకుని ఉంటే బతికే ప్రాణాలు ఎన్నో ఉన్నాయి.

5. తెలియనిది తెలియదని రాయండి

2020 డిసెంబరులో ఏలూరులో జనం ఉన్నట్టుండి మూర్ఛపోయి పడిపోయారు. కొద్ది రోజుల్లోనే అయిదు వందల మందికి పైగా ఆసుపత్రుల పాలయ్యారు. నీళ్ళని కొందరు, కూరగాయలని కొందరు, బ్లీచింగ్ అని కొందరు ఎవరికి తోచింది వారు అన్నారు. తర్వాత ఎయిమ్స్ పరీక్షల్లో రక్తంలో సీసం, నికెల్ ఉన్నట్టు బయటపడింది. పురుగుమందుల అవశేషాల మాటా వచ్చింది. అలాంటి రోజున లేఖ ఎలా ఉండాలి? "కారణం ఇంకా తేలలేదు. నీటి నమూనాలు, రక్త నమూనాలు ఫలానా చోటికి వెళ్ళాయి. ఫలితం రాగానే చెబుతాం. అప్పటిదాకా ఇది చేయండి." అంతే. తేలకముందే "నీరు సురక్షితం" అని రాసి, తర్వాత కాదని తేలితే ఆపై ఏం రాసినా నమ్మరు.

రోగుల పేర్లు, ఇంటి నంబర్లు, ఫొటోలు వద్దు. వీధి పేరు చాలు.

6. విరేచనాల లేఖలో ఓఆర్ఎస్ గురించి విడిగా

ఓఆర్ఎస్ అంటే విరేచనాల్లో ఒంట్లోంచి పోయిన నీళ్ళను, లవణాలను తిరిగి అందించడానికి నీళ్ళలో కలిపి తాగే పొడి. లీటరుకు సరిపడే పొట్లాన్ని లీటరు నీళ్ళలోనే కలపాలి. గ్లాసుకు కొంచెం కొంచెం కలిపితే పాళ్ళు తప్పుతాయి. పొట్లం దొరకకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు, రెండూ తలకొట్టి, అంటే చెంచా అంచుకు సమంగా, కొలవాలి. పిల్లలకు జింకు మాత్రలు 14 రోజులు వేయాలి. విరేచనాలు ఆగాయని మధ్యలో మానకూడదు. దుకాణంలో అట్టపెట్టెల్లో దొరికే తీపి పానీయాలు దీనికి ప్రత్యామ్నాయం కావు. హైదరాబాద్ పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి పోరాడాకే, 2025 అక్టోబరులో అలాంటి పానీయాల మీద ఓఆర్ఎస్ అనే పేరు వాడకూడదని ఆహార భద్రత సంస్థ ఆదేశించింది. మన లేఖలో ఆ పానీయాలు ఓఆర్ఎస్ కావనే ఒక్క వాక్యం ఉంటే ఎందరో తల్లులకు మేలు.

7. చేరవేయడం

తెలుగు ఎస్ఎంఎస్‌కు 70 అక్షరాలే పరిమితి. ఇంగ్లీషుకు 160. గుణింతం గుర్తూ, ఒత్తూ కూడా విడివిడిగా లెక్కలోకి వస్తాయి. "స్త్రీ" అని రాస్తే ఆరు పోతాయి. కాబట్టి ఎస్ఎంఎస్‌లో చోటు, సమయం మాత్రమే పెట్టండి. పూర్తి లేఖ వాట్సాప్‌లో, దానితోపాటు నిమిషం లోపు గొంతు రికార్డింగు పంపండి. చదవలేనివారు వింటారు. ఫోను లేని ఇళ్ళకు దండోరా, ఆటో మైకు, అంగన్‌వాడీ గోడ, రేషన్ దుకాణం, పాల కేంద్రం ఉన్నాయి. ఉర్దూ మాట్లాడే వీధులుంటే ఉర్దూలోనూ రాయించండి. గుడిలో, మసీదులో, చర్చిలో పెద్దలను అడిగితే కాదనరు. నన్నెవరూ కాదనలేదు.

ఎన్నికల నియమావళి అమల్లో ఉంటే ప్రభుత్వ ఖర్చుతో ఎమ్మెల్యే పేరిట ప్రచారం కుదరదు. ఆ రోజుల్లో వైద్యశాఖ తన పేరుతోనే చెప్పాలి.

8. జవాబుల కోసం ఒక మనిషి, ఒక నోటుపుస్తకం

లేఖ కింద ఇచ్చే నంబరుకు ఉదయం నుంచి రాత్రి దాకా ఎవరో ఒకరు పలకాలి. వచ్చిన ప్రతి ఫోనునూ వీధి, సమస్య, చెప్పిన గడువు అని మూడు గడుల్లో రాయాలి. ఒకే వీధి నుంచి నాలుగు ఫోన్లు వస్తే అధికారుల లెక్క కోసం ఆగకుండా డాక్టరుకు చెప్పండి.

తర్వాతి లేఖ మొదటి వాక్యం ఆ నోటుపుస్తకం నుంచే రావాలి. బుధవారంలోగా తీస్తామన్న టైర్లు తీశారా, లేదా? తీస్తే ఏ రోజు తీశారో రాయండి. తీయకపోతే తీయలేదని రాసి, మళ్ళీ ఏ రోజుకు మాట ఇచ్చారో దాని పక్కనే రాయండి.