ఇంట్లోనే ఆటోక్యాడ్ – 5వ పాఠం: లేయర్లు

పోయిన పాఠంలో ఆటోక్యాడ్‌తో, అంటే కంప్యూటర్‌లో ప్లాన్లు గీసే సాఫ్ట్‌వేర్‌తో, ముప్పై అరవై స్థలంలో, అంటే 200 గజాల్లో, ఇంటి గోడలు గీసి ఆపాం. బయటి గోడ 9 అంగుళాలు, లోపలి అడ్డగోడ నాలుగున్నర. ఆ ఊపులో తలుపులు, మంచాలు, కొలతలు కూడా గోడలతో కలిపి గీసేసినవారు ఉంటారు. కంగారు వద్దు, ఈరోజు వాటిని విడదీద్దాం.

డ్రాయింగ్ బల్లల రోజుల్లో గోడల ప్లాను మీద ట్రేసింగ్ కాగితం పరిచి, దానిపై కరెంటు పాయింట్లు మాత్రమే గీసేవారు. నీటి పైపులకు మరో కాగితం. లేయర్ అంటే ఆ కాగితమే. కాకపోతే ఇది పక్కకు జరగదు, చిరగదు.

ఎల్, ఏ అక్షరాలు కొట్టి ఎంటర్ నొక్కండి. లేయర్ల పట్టిక తెరుచుకుంటుంది. అందులో 0 అనే లేయర్ ముందే ఉంటుంది. దాని పేరు మార్చలేం, తీసేయలేం. ఆల్ట్‌తో ఎన్ నొక్కుతూ వాల్, డోర్, ఫర్నిచర్, ఎలక్ట్రికల్, డిమ్ (కొలతలకు) అని ఐదు లేయర్లు చేయండి. ‘లేయర్ 1’, ‘లేయర్ 2’ అని వదిలేస్తే ఆరు నెలల తర్వాత ఏది ఏమిటో మీకే తెలియదు. ఒక్కోదానికి ఒక్కో రంగు ఇవ్వండి. గీత మందం గోడకు 0.50 మిల్లీమీటర్లు, తలుపుకు 0.25, కొలతలకు 0.13 చాలు. ఇప్పుడు మంచాలన్నీ ఎంచుకుని, పైనున్న లేయర్ల జాబితాలో ఫర్నిచర్ నొక్కండి. మిగతావీ అంతే.

రంగు ఎప్పుడూ లేయర్‌కే ఇవ్వండి, గీతకు కాదు. గీతను ఎంచుకుంటే రంగు గడిలో ‘బైలేయర్’, అంటే లేయర్ రంగే దీనిదీ, అని కనబడాలి. అక్కడ ‘రెడ్’ అని ఉందంటే, లేయర్ రంగు మీరు ఎన్నిసార్లు మార్చినా ఆ గీత మొండిగా ఎర్రగానే ఉంటుంది. ఇతరుల ఫైళ్లు సరిచేయడంలో నా సమయం ఎక్కువగా పోయేది ఇక్కడే.

పట్టికలో ప్రతి పేరు పక్కన బల్బు, సూర్యుడు, తాళం బొమ్మలుంటాయి. తాళం వేస్తే గీత కనిపిస్తుంది, దాని కొసను స్నాప్‌తో (గీత కొసలకు కర్సర్‌ను సరిగ్గా అతికించే సదుపాయం) పట్టుకోవచ్చు, కానీ కదపలేం, చెరపలేం. ఫర్నిచర్ సర్దేటప్పుడు గోడలకు తాళం వేయడం మంచి అలవాటు.

బల్బు ఆర్పడం, సూర్యుణ్ణి నొక్కి ఫ్రీజ్ చేయడం ఒకటే అనిపిస్తాయి, రెండింటిలోనూ గీతలు మాయమవుతాయి కాబట్టి. నేనూ అలాగే అనుకున్నాను. కొత్తలో ఒకసారి కొలతల లేయర్ బల్బు ఆర్పి, తెర మీద మిగిలిన చెత్త గీతలను తుడిచేద్దామని ఎరేజ్ కొట్టి, ‘ఆల్’ అని ఎంటర్ నొక్కాను. తర్వాత బల్బు వెలిగిస్తే ఒక్క కొలత లేదు! ‘ఆల్’ అన్నప్పుడు ఆర్పిన లేయర్లలోని గీతలు కూడా ఎంపికవుతాయి. ఫ్రీజ్ చేసినవి, తాళం వేసినవి మాత్రం ఎంపిక కావు. అప్పటికి ఫైలు సేవ్ చేసి మూసేశాను కూడా. సాయంత్రమంతా కొలతలు మళ్లీ వేసుకున్నాను.

ఇంకో తిరకాసు: ప్రస్తుతం గీస్తున్న లేయర్‌ను ఫ్రీజ్ చేయనివ్వదు గానీ, ఒక హెచ్చరిక చూపించి బల్బు మాత్రం ఆర్పనిస్తుంది. అది చదవకుండా ముందుకు వెళితే, మీరు గీసిన ప్రతి గీతా గీసీ గీయగానే కనబడకుండా పోతుంది. సాఫ్ట్‌వేర్ పాడైందని అనుకోకండి.

మొదటి కొలత వేయగానే డెఫ్‌పాయింట్స్ అనే లేయర్ దానంతటదే పుడుతుంది. దాని మీద గీసినవి తెర మీద కనిపిస్తాయి, కాగితం మీదకు రావు. దాని జోలికి పోకండి.

అభ్యాసం: 0 లేయర్‌లో, రంగు బైలేయర్‌గా ఉంచి ఒక తలుపు గీసి, దాని గీతలన్నీ కలిపి ఒకే బొమ్మగా, అంటే బ్లాక్‌గా, చేయండి. డోర్ లేయర్‌కు మారి దాన్ని నాలుగు చోట్ల పెట్టండి. 0లో పుట్టిన బ్లాకు ఏ లేయర్‌లో పెడితే ఆ లేయర్ రంగు తీసుకుంటుంది. ఇప్పుడు డోర్ లేయర్ రంగు మార్చండి. నాలుగు తలుపులూ మారాలి. మారకపోతే ఆ బ్లాకును బ్లాక్ ఎడిటర్‌లో తెరిచి, లోపలి గీతల లేయరేమిటో, రంగు గడిలో ఏముందో చూడండి.