ఆన్‌లైన్ క్లాసులో దించేసే జవాబులకు ఓ చిట్కా
జూమ్‌లో ప్రశ్న అడగ్గానే ఒకరు చాట్‌లో జవాబు పెడతారు, మిగతావాళ్లంతా అదే దించేస్తారు. ‘జనగణమనను యునెస్కో ప్రపంచంలోకెల్లా ఉత్తమ జాతీయగీతంగా కొద్ది నిమిషాల క్రితమే ప్రకటించింది’ అనే పాత ఫార్వర్డ్‌ను (పచ్చి అబద్ధం, ఏళ్లుగా తిరుగుతూనే ఉంది) స్క్రీన్ మీద పెట్టి, ఎవరు చెప్పారు, మనలో ఏ భావాన్ని తడుతోంది, ఏ వివరం లేదు అని మూడే అడగండి. 2 నిమిషాలు టైప్ చేసి ఉంచుకోవాలి, ఎంటర్ నొక్కకూడదు. ‘ఒకటి, రెండు, మూడు’ అనగానే అందరూ ఒకేసారి పంపాలి. ‘గర్వం’, ‘కొద్ది నిమిషాలంటే ఏ రోజు?’ లాంటివి టపటపా పడతాయి. ఆ తర్వాతే యునెస్కో సైట్‌లో వెతికించండి. 30 మంది దాటితే మాత్రం చదివేలోపే చాట్ పైకి పోతుంది, అప్పుడు సగం సగం మందితో పంపించండి.