మక్తబ్, మదర్సా నడిపేవాళ్లకు: మార్పు ఎక్కడ మొదలుపెట్టాలి

కొన్నేళ్ల కింద నేను మక్తబ్‌లో, అంటే పిల్లలకు ఖురాన్ చదవడం నేర్పే చిన్న బడిలో, చదువు చెప్పేటప్పుడు ఒక పిల్లవాడు ఖురాన్‌లోని సూరా (అధ్యాయం) అద్దుహా అప్పజెప్పాడు. పదకొండు ఆయతులు (వాక్యాలు), ఒక్క తప్పు లేదు, తజ్వీద్ (ఉచ్చారణ నియమాలు) కూడా చక్కగా ఉంది. "ఫ అమ్మల్ యతీమ ఫలా తఖ్హర్" దగ్గర ఆపి, ఇందులో అల్లాహ్ ఏం చెబుతున్నాడు బాబూ అని అడిగాను. తల దించుకున్నాడు. అనాథ పట్ల కఠినంగా ఉండవద్దు అని దాని అర్థం. ఆ పిల్లవాడికి తండ్రి లేడు. తన కోసమే చెప్పిన మాటని రెండేళ్లుగా రోజూ చదువుతూ, అది తన గురించేనని తెలియకుండా ఉన్నాడు. తప్పు వాడిది కాదు, నాది. ఆ రోజు నుంచి నేను చదువు చెప్పే పద్ధతి మారింది. తర్వాత కమిటీలో ఉంటూ నేర్చుకున్నవి, చేసిన తప్పులు కూడా కలిపి ఇక్కడ రాస్తున్నాను. మక్తబ్ గానీ మదర్సా గానీ నడుపుతున్నవాళ్లకు, అందులో చెప్పేవాళ్లకు పనికొస్తుందని నమ్మకం.

ముందుగా ఒక మాట. మార్పు అనగానే చాలాచోట్ల మొదట నాలుగు కంప్యూటర్లు కొంటారు, లేదా సిలబస్‌లో రెండు సబ్జెక్టులు కలుపుతారు. అవీ కావాలి, కాదనను. కానీ తరగతిలో పిల్లవాడు నోరు తెరిచి ఒక ప్రశ్న అడిగే పరిస్థితి లేకపోతే ఎన్ని సబ్జెక్టులు కలిపినా బట్టీ పట్టేవి ఇంకో రెండు పెరుగుతాయి, అంతే.

అందుకే మొదటి వారం ఏమీ మార్చకండి. ఉస్తాద్‌కి (చదువు చెప్పే గురువుకి) ముందే చెప్పి, వెనక కూర్చుని చూడండి. ఒక్కో పిల్లవాడు ఉస్తాద్ ముందు ఎంతసేపు ఉంటున్నాడో రాసుకోండి. గంట తరగతి, నలభై మంది పిల్లలు, ఒక్క ఉస్తాద్ అయితే ఒక్కొక్కరికి వచ్చేది నిమిషంన్నర. మిగతా యాభై ఎనిమిదిన్నర నిమిషాలు పిల్లవాడు ఊగుతూ కూర్చుంటాడు. ఈ లెక్క కాగితం మీద చూపిస్తే కమిటీ పెద్దలకు విషయం సగం అర్థమవుతుంది, ఉపన్యాసం అక్కర్లేదు. పిల్లల్ని పది మంది చొప్పున నాలుగు జట్లు చేసి, బాగా చదివే పెద్ద పిల్లలతో చిన్నవాళ్లకు వినిపించుకోమంటే ఆ సమయం వెంటనే పెరుగుతుంది. ఇదేం కొత్త పద్ధతి కాదు, మదర్సాల్లో దీన్నే తక్రార్ అంటారు, పాఠం అయ్యాక విద్యార్థులు ఒకరికొకరు మళ్లీ చెప్పుకోవడం. పెద్ద తరగతుల్లో ఉన్న అలవాటుని చిన్న పిల్లల దాకా తీసుకురావడమే.

తర్వాత అర్థం. దీనికి వేరే పీరియడ్ పెట్టకండి, పెడితే అదే మొదట రద్దవుతుంది. ఉన్న నాజిరా (ఖురాన్ చూసి చదివే) తరగతిలోనే చివరి ఐదు నిమిషాలు తీయండి. సూరా ఫాతిహాతో మొదలుపెట్టండి, ఉన్నవి ఏడే ఆయతులు, పైగా ఫర్జ్ (తప్పనిసరి) నమాజుల్లోనే రోజుకు పదిహేడు రకాతులు (నమాజులోని ఆవృత్తులు) కాబట్టి పదిహేడుసార్లు చదువుతాం. రోజుకు రెండు మాటల కంటే ఎక్కువ వద్దు. రబ్ అంటే ఏమిటి, హమ్ద్ అంటే ఏమిటి, ఈ మాట ఇంకెక్కడ విన్నారు అని అడగండి. ఫాతిహా అయ్యాక నమాజులో చదివే మిగతావి, ఆ తర్వాత ఖురాన్ ముప్పై భాగాల్లో చివరిదైన ముప్పయ్యో పారాలోని చిన్న సూరాలు చివరి నుంచి వెనక్కి. ఆ ఒక్క పారాలోనే 37 సూరాలున్నాయి. ఒకసారి నేర్చుకున్న మాట తర్వాతి సూరాలో కనబడగానే పిల్లల మొహంలో వచ్చే వెలుగు చూస్తే మీకే ఇంకో ఐదు నిమిషాలు తీసుకోవాలనిపిస్తుంది (తీసుకోకండి, రేపటికి ఆకలి ఉండనివ్వండి).

ఏ భాషలో చెప్పాలన్నది చాలాచోట్ల గొడవ అవుతుంది. ఉస్తాద్ చదువుకున్న భాష ఒకటి, పిల్లవాడు బడిలో రాసే భాష ఇంకొకటి, ఇంట్లో మాట్లాడేది మరొకటి. నా అభిప్రాయం సూటిగా చెబుతాను: పిల్లలు ఏ భాషలో పోట్లాడుకుంటారో ఆ భాషలో అర్థం చెప్పాలి. ఉస్తాద్‌కి ఆ భాష సరిగ్గా రాకపోతే అవమానపడాల్సిన పని లేదు, వచ్చినవాళ్లని పక్కన కూర్చోబెట్టుకోవచ్చు.

బట్టీ వల్లే జ్ఞాపకం నిలుస్తుంది, ప్రశ్నలు అడిగితే అదబ్ (మర్యాద) పోతుంది అనేవాళ్లు ఉంటారు. వాళ్లతో వాదనకు దిగకండి, ఇబ్న్ ఖల్దూన్ మాట చెప్పండి. 1377లో ముఖద్దిమా అనే ప్రసిద్ధ గ్రంథం రాసిన ఆ అరబ్ పండితుడు, ఏళ్ల తరబడి తరగతుల్లో కూర్చుని, అవసరానికి మించి బట్టీ పట్టి, నోరు విప్పకుండా ఉన్న విద్యార్థులకు చివరికి విద్య వంటబట్టదని రాశాడు. తన కాలంలో మొరాకోలో పదహారేళ్లు పట్టే చదువు ట్యునిస్‌లో ఐదేళ్లలో అయిపోతోందని పోల్చి చూపించి, విద్య అబ్బడానికి తేలికైన దారి చర్చించడమే అన్నాడు. ఆయన చెప్పిన ఇంకో పద్ధతి నేను పాటించి చూశాను. ఒక విషయాన్ని మూడుసార్లు చెప్పాలి. మొదటిసారి పైపైన, మొత్తం ఎలా ఉంటుందో తెలిసేలా. రెండోసారి వివరంగా, అభిప్రాయ భేదాలతో సహా. మూడోసారి ఒక్క చిక్కు కూడా మిగలకుండా. ఫిఖ్ (ధర్మశాస్త్రం)లో వుజూ (నమాజుకు ముందు ముఖం, కాళ్లూ చేతులూ కడుక్కోవడం) పాఠం ఇలా చెప్పి చూడండి. మొదటిసారి నీళ్లు పెట్టి చేయించడం, రెండోసారి ఏది ఫర్జ్, ఏది సున్నత్ (ప్రవక్త ఆచరణ) అని, మూడోసారి వేర్వేరు మజ్హబ్‌ల (ధర్మశాస్త్ర సంప్రదాయాల) ఇమాములు ఎందుకు వేరుగా చెప్పారు అని. మూడో దశకు వచ్చిన పిల్లవాడు, వేరే మస్జిద్‌లో ఇంకోలా నమాజు చేసేవాళ్లని చూసి కంగారు పడడు. ఈ రోజుల్లో ఫోన్‌లో ఎవరెవరివో బయాన్లు వినే పిల్లలకు ఇది ఎంత అవసరమో వేరే చెప్పక్కర్లేదు.

ఇక హిఫ్జ్, అంటే ఖురాన్ మొత్తం కంఠస్థం చేయడం. అది పూర్తి చేసినవాడే హాఫిజ్. ఇక్కడ కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే పిల్లలు ఎక్కువ నలిగేది ఇక్కడే. తల్లిదండ్రులు ఆశతో చేర్పిస్తారు, బడి మాన్పిస్తారు, మూడేళ్ల తర్వాత పిల్లవాడు ఎనిమిది పారాల దగ్గర ఆగిపోతే ఇటు హాఫిజ్ కాలేదు, అటు బడి పోయింది. చేర్చుకునే ముందే లెక్క చెప్పండి. మదీనాలో అచ్చయ్యే ముస్హఫ్ (ఖురాన్ ప్రతి)లో 604 పేజీలు, రోజుకు అర పేజీ చొప్పున అయితే 1,208 రోజులు, అంటే సెలవుల్లేకుండా మూడేళ్ల మీదే. అదీ కొత్త సబఖ్ (పాఠం) మాత్రమే, పాతది మర్చిపోకుండా సబ్ఖీ (ఈమధ్య పాఠాలు మళ్లీ చదవడం), మంజిల్ (పాత పారాలు మళ్లీ చదవడం) రోజూ ఉంటాయి. చేర్చుకున్నాక మూడు నెలలు చూడండి. రానివాడికి గౌరవంగా దారి చూపించండి, ముప్పయ్యో పారా ఒక్కటీ పూర్తి చేయించి, దానికో చిన్న సనద్ (సర్టిఫికెట్) ఇచ్చి, ఓడిపోయానన్న బాధ లేకుండా మామూలు తరగతికి పంపండి. ఏ పిల్లవాడినీ బడి నుంచి పూర్తిగా తీసేయకండి. రోజుకు రెండు గంటలైనా లెక్కలు, భాష ఉంటే, హాఫిజ్ అయ్యాక తన వయసు తరగతిలో కూర్చోగలడు.

కొట్టడం గురించి రెండో మాట లేదు, ఆపాలి. మదర్సా పెద్దలు రాతపూర్వకంగా నియమం పెట్టి గోడకు అంటించాలి. కఠినంగా పెంచిన పిల్లవాడు అబద్ధానికి, నటనకు అలవాటు పడతాడని ఇబ్న్ ఖల్దూనే రాశాడు. దాంతోపాటు ఏ పెద్దవాడూ ఒక పిల్లవాడితో మూసిన గదిలో ఒంటరిగా ఉండకూడదు, పిల్లలు ఫిర్యాదు చేయడానికి ఉస్తాద్ కాని ఒక మనిషి ఉండాలి. ఇది మన పరువు గురించి కాదు, పిల్లల భద్రత గురించి. దాచిపెడితే పరువూ దక్కదు.

మామూలు సబ్జెక్టుల మీద వచ్చే అభ్యంతరం, పెద్దలు పెట్టిన నిసాబ్‌ని (సిలబస్‌ని) మార్చకూడదు అని. నిజానికి 18వ శతాబ్దంలో లక్నో ఫిరంగీ మహల్‌కు చెందిన ముల్లా నిజాముద్దీన్ పేరుతో వచ్చిన దర్సె నిజామీ అనే మదర్సా నిసాబ్‌లో తర్కం, తత్వశాస్త్రం, గణితం బాగా ఉండేవి, యూక్లిడ్ జ్యామితి కూడా చెప్పేవాళ్లు. 1866లో మొదలైన దేవబంద్ మదర్సా హదీసుకు (ప్రవక్త మాటలు, ఆచరణల చదువుకు) ఎక్కువ చోటిచ్చి, తరగతులు, పరీక్షలు, ప్రజల చందాలతో నడిచే పద్ధతి తెచ్చింది. ఆ కాలానికి అది మార్పే. ఈజిప్టులో అల్ అజ్‌హర్ విశ్వవిద్యాలయం 1961 చట్టంతో వైద్యం, ఇంజినీరింగ్ కూడా చేర్చుకుంది. ఇండోనేషియాలో 1975లో ముగ్గురు మంత్రులు కలిసి ఇచ్చిన ఉత్తర్వుతో మదర్సాల్లో మామూలు సబ్జెక్టులు 70 శాతం చేసి, ఆ సర్టిఫికెట్‌ని బడి సర్టిఫికెట్‌తో సమానం చేశారు. నిసాబ్ ఎప్పుడూ కదులుతూనే ఉందని పెద్దలకు ఓపిగ్గా చెప్పాలి.

ఇందులో నేను చేసిన తప్పు ఒకటి చెబుతాను. ఉన్న గంటలు అలాగే ఉంచి, సాయంత్రం పైన ఇంగ్లిష్, సైన్స్ కలిపాను. నెలలోపే పిల్లలు నిద్రపోవడం మొదలైంది. ఒకటి కలిపితే ఒకటి తగ్గాలి, ఏది తగ్గించాలో ఉస్తాద్‌లే కూర్చుని తేల్చుకోవాలి. పిల్లల పేర్లు ఏదైనా గుర్తింపు ఉన్న బోర్డు పరీక్షకు కట్టించండి, సర్టిఫికెట్ లేని చదువుతో వాళ్లు ఉద్యోగానికి పోలేరు. లెక్కలు చెప్పడానికి ముస్లిం టీచర్ దొరకలేదని ఆపకండి. బద్ర్ యుద్ధంలో పట్టుబడిన ముస్లిమేతర ఖైదీల్లో చదువు వచ్చినవాళ్లతో మదీనా పిల్లలకు రాయడం నేర్పించారని సీరత్ (ప్రవక్త జీవిత చరిత్ర) గ్రంథాల్లోనే ఉంది.

ఆడపిల్లల తరగతి మూలన పరదా వెనక అరగంట అన్నట్టు ఉండకూడదు. ప్రవక్త భార్య హజ్రత్ హఫ్సాకు రాయడం నేర్పింది షిఫా బింత్ అబ్దుల్లా అనే మహిళ. మహిళా ఉస్తాద్‌ని పెట్టండి, అదే జీతం ఇవ్వండి.

జీతం మాట వచ్చింది కాబట్టి, ఉస్తాద్‌కి ఇల్లు గడిచేంత ఇవ్వకుండా పైన రాసినవేవీ జరగవు. ట్యూషన్లకు తిరిగి అలసిపోయినవాడు ఓపిగ్గా ప్రశ్నలు ఎలా వింటాడు? కొత్త గది కట్టడం ఒక ఏడాది వాయిదా వేసి ఆ డబ్బు జీతానికి పెట్టండి, జమాఖర్చులు ప్రతి నెలా నోటీసు బోర్డు మీద పెట్టండి.

ఇవన్నీ ఒకేసారి మొదలుపెట్టకండి. ఒక్క తరగతి, మనసు పెట్టే ఒక్క ఉస్తాద్, మూడు నెలలు. మొదటి రోజు ఐదుగురు పిల్లల్ని పిలిచి, తమకు వచ్చిన ఒక సూరా గురించి సొంత మాటల్లో చెప్పమని అడిగి, వాళ్లు చెప్పింది చెప్పినట్టు తారీఖు వేసి రాసుకోండి. మూడు నెలల తర్వాత అదే ఐదుగుర్ని అదే ప్రశ్న అడిగి, రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి కమిటీకి చూపించండి.