తక్కువ ఖర్చుతో పెళ్ళి: ముందుగా పూటల లెక్క తేల్చుకోండి

పెళ్ళి ఖర్చు తగ్గించాలనుకునే కుటుంబాలు సాధారణంగా శుభలేఖల దగ్గర, పూలదండల దగ్గర బేరం మొదలుపెడతాయి. నిజానికి డబ్బు ఎక్కువగా కరిగేది అక్కడ కాదు, ఎన్ని పూటలు, ఎంతమందికి వంట చేయిస్తున్నామన్న చోట. తిరుపతి, చిత్తూరు ప్రాంతాల్లో ముందురోజు రాత్రి రిసెప్షన్, మరునాడు ఉదయం ముహూర్తం జరపడం వాడుక కనుక రాత్రి విందు, పొద్దున టిఫిన్, మధ్యాహ్న భోజనం కలిపి మూడు పూటలు పొయ్యి వెలుగుతూనే ఉంటుంది. వీటిలో జనం ఎక్కువగా వచ్చేది రాత్రి విందుకే. ముహూర్తం దాకా నిలిచేది దగ్గరి బంధువులు. రిసెప్షన్ మానుకుని, పురోహితుణ్ణి అడిగి ఉదయం పది తర్వాత ముహూర్తం పెట్టించుకుని, ఒక్క మధ్యాహ్న భోజనంతో ముగించగలిగితే, వంటతో పాటు స్టేజీ అలంకరణ, లైటింగు, బంధువుల గదుల అద్దె కూడా తగ్గుతాయి. వంటకాలు తగ్గించడం కన్నా పూటలు తగ్గించడమే గౌరవంగా ఉంటుందని నా అభిప్రాయం.

తర్వాత ఇరువైపుల వారూ కూర్చుని పిలుపుల జాబితా రాసుకోవాలి. ఇంటిల్లిపాదినీ పిలవవలసినవారిని ఒక వరుసలో, ఇంటికొకరు వస్తే చాలుననుకునేవారిని మరో వరుసలో రాస్తే, ఎన్ని ఆకులు వేయాలో సుమారుగా తేలుతుంది. క్యాటరింగ్ వారికి ప్లేటు లెక్కన ఇవ్వడం సుఖమే కాని, ఇంట్లో నలుగురు పనిచేసేవారుంటే వంట మాస్టరుకు కూలి మాట్లాడుకుని, సరుకులు మనమే తెచ్చుకోవడం చవక. మాస్టరు ఇచ్చే సామాన్ల చీటీని ఉన్నదున్నట్లుగా అంగడికి తీసుకుపోకుండా, ఏ సరుకు ఎంతమందికి రాశారో ఒక్కొక్కటిగా అడగాలి. విందు భోజనంలో కిలో బియ్యం ఎనిమిది నుంచి పదిమందికి వస్తుంది కనుక, మూడువందల మందికి ముప్పై నుంచి నలభై కిలోల మధ్య సరిపోవాలి. చీటీలో అరవై ఉంటే కారణం చెప్పమనాలి. విప్పని బస్తాలు, నూనె డబ్బాలు తిరిగి తీసుకుంటారా అన్నది కొనేముందే అంగడివారితో తేల్చుకోవాలి. చిత్తూరు బెల్లం అందుబాటులో ఉన్నవారికి మూడు రకాల స్వీట్లెందుకు? వేడి ఓళిగ (బొబ్బట్టు) మీద నెయ్యి వేసి వడ్డిస్తే ఎవరూ వెలితి అనుకోరు.

మండపం అద్దె కూడా వద్దనుకునేవారికి తిరుమలలో, పాపవినాశనం రోడ్డులో దేవస్థానం వారి కల్యాణవేదిక ఉంది. 2016 నుంచి ఇక్కడ ఉచితంగా పెళ్ళిళ్ళు జరిపిస్తున్నారు. పురోహితుడు, మంగళవాద్యం, పసుపు, కుంకుమ, కంకణాలు దేవస్థానమే సమకూరుస్తుంది, తక్కిన సామగ్రి మనం తెచ్చుకోవాలి. వధువుకు 18, వరునికి 21 ఏళ్ళు నిండి ఉండాలి, తల్లిదండ్రులు వెంట ఉండాలి, ముందుగా ఆన్‌లైన్‌లో నమోదు చేసుకోవాలి. కావలసిన పత్రాలేమిటో ఆ సమయంలో దేవస్థానం వెబ్‌సైట్‌లో చూసుకోవడం మంచిది. పెళ్ళయ్యాక వెంట వచ్చినవారు వెంగమాంబ అన్నప్రసాద కేంద్రంలో భోజనం చేయవచ్చు. అయితే కొండ మీద పెళ్ళి చవకయ్యేది వెంట వచ్చేవారు కొద్దిమందే అయినప్పుడు. బస్సుల నిండా జనాన్ని ఎక్కించి, గదులు వెతికి, కిందికి వచ్చాక మళ్ళీ విందు పెడితే మండపంలో చేసినదానికన్నా ఎక్కువే అవుతుంది. పద్మావతిని పెళ్ళాడడానికి శ్రీనివాసుడంతటివాడే కుబేరుని వద్ద అప్పు చేశాడని చెప్పేవారు మన ఊళ్ళలో ప్రతి పెళ్ళిలోనూ ఉంటారు. ఆ వడ్డీ ఇంకా తీరుతూనే ఉందన్న సంగతి మాత్రం వారు ఎత్తరు.

మండపమే తీసుకోదలిస్తే, పురోహితుణ్ణి రెండు మూడు ముహూర్తాలు అడిగి, ఆదివారం కాని రోజును ఎంచుకోవాలి. ఊరంతా పెళ్ళిళ్ళున్న రోజున మండపానికే కాదు, పూలకు, మేళానికి, వంటవారికి కూడా ధర పెరుగుతుంది. అద్దె ఎంతని అడిగి ఊరుకోకుండా కరెంటు, జనరేటరు డీజిలు, గ్యాసు, పాత్రలు, శుభ్రం చేసే కూలి అందులో కలిసినవో కావో విడివిడిగా అడిగి రసీదు మీద రాయించుకోవాలి. తాళంచెవి తీసుకున్నప్పుడే మీటరు రీడింగును, గంగాళాలు, గరిటెల లెక్కను మండపం మనిషి ఎదుటే నోటుపుస్తకంలో రాసి, అతనిచేత సంతకం పెట్టించుకుంటే, ఖాళీ చేసేటప్పుడు వాదన ఉండదు.

పట్టుచీర వధువుకు ఒక్కటి మంచిది కొని, బంధువులకు పెట్టుబడి బట్టలు వద్దని ఇరువైపులా ముందే అనుకుంటే చాలా మిగులుతుంది. తాళిబొట్టు కొనేటప్పుడు హాల్‌మార్క్ చూడడంతో పాటు తరుగు, మజూరి ఎంత వేశారో బిల్లులో వేరుగా రాయించాలి. శుభలేఖలు పెద్దవారికి మటుకు అచ్చువేయించి, మిగిలినవారికి వాట్సాప్‌లో పంపి ఫోన్ చేస్తే సరిపోతుంది. వివాహ రిజిస్ట్రేషన్‌కు వెళ్ళినప్పుడు శుభలేఖ, పెళ్ళి ఫొటోలు అడుగుతారు కనుక, పంచగా మిగిలినవాటిలో నాలుగైదు ప్రతులను వయసు ధ్రువపత్రాలు, ఆధార్ నకళ్ళతో కలిపి ఒక కవరులో పెట్టి ఉంచుకోవాలి.