ఒక్క పూట, ఒక్క చోటు: రెండేళ్ల పాపతో హైదరాబాద్‌లో బయటికి వెళ్లడం ఎలా

నాకు వీక్లీ ఆఫ్ మంగళవారం. మా ఆవిడ స్కూల్ టీచర్, ఆమెకి సెలవు ఆదివారమే. అందుకని మంగళవారం పాప పూచీ నాదీ మా అమ్మదీ. తార్నాకలో ఉంటాం. కారు లేదు, స్కూటర్ ఉంది. పాపకి రెండేళ్లు నిండాయి, పరుగు నేర్చింది, ఎత్తుకుంటే దిగుతానంటుంది, దింపితే ఎత్తుకోమంటుంది.

నేను పని చేసేది మెడికల్ షాపులో. ఎండాకాలం సోమవారం పొద్దున కౌంటర్ దగ్గర తరచూ వినే మాట: "నిన్న బయటికి తీసుకెళ్లాం, రాత్రి నుంచి ఒకటే వాంతులు." అడిగితే తెలుస్తుంది. పొద్దున జూ, మధ్యాహ్నం హోటల్లో భోజనం, సాయంత్రం ట్యాంక్‌బండ్, రాత్రి బంధువుల ఇల్లు. పెద్దవాళ్లమే తట్టుకోలేని తిరుగుడు అది. ఇంత చిన్నపిల్లల్ని బయటికి తిప్పొద్దని మాత్రం నేను చెప్పను. తిప్పాలి, వారానికి ఒకసారైనా తిప్పాలి. కాకపోతే ఒక పూటకి ఒకటే చోటు పెట్టుకోండి, మధ్యాహ్నం నిద్ర వేళకి ఇంటికి వచ్చేయండి. ఈ రెండిటి దగ్గర గట్టిగా ఉంటే మిగతావన్నీ వాటంతటవే సర్దుకుంటాయి.

నిద్ర వేళ నుంచి వెనక్కి లెక్క

ఎన్నింటికి బయల్దేరాలన్నది చివర్లో తేల్చుకోవాలి. ముందు నిద్ర వేళ చూసుకోండి. మా పాప ఒంటిగంటకి పడుకుంటుంది. అంటే పన్నెండున్నరకల్లా ఇంట్లో ఉండాలి, కాళ్లూ చేతులూ కడిగి అన్నం పెట్టాలి. సాలార్‌జంగ్ మ్యూజియం నుంచి మా ఇంటికి గంట వేసుకుంటే అక్కడ పదకొండున్నరకి లేవాలి. మ్యూజియం తెరిచేది పదింటికి. కాబట్టి ఇంట్లో తొమ్మిదింబావుకి కదిలితే చాలు. ఆ లోపు పాప టిఫిన్ తినేస్తుంది, దొడ్డికి వెళ్లడం కూడా అయిపోతుంది. ఈ రెండో పని ఇంట్లోనే అవ్వడం ఎంత హాయో పిల్లలున్నవాళ్లకి నేను చెప్పక్కర్లేదు.

ఈ లెక్కని చెడగొట్టేది ఒకే ఒక్క మాట: "ఎలాగూ అటు వెళ్తున్నాం కదా, చార్మినార్ కూడా చూసొద్దాం." ఆ మాట ఇంట్లో ఎవరు అన్నా, అత్తగారైనా సరే, "ఈసారి మ్యూజియంలో గంటలు కొట్టే గడియారం వరకేనండీ, చార్మినార్ ఇంకోసారి వెళ్దాం" అని అక్కడే మర్యాదగా ఆపేయండి. చార్మినార్ ఎక్కడికీ పోదు.

ఏ రోజు ఏది మూసి ఉంటుందో గుర్తుపెట్టుకోండి. జూకి సోమవారం సెలవు, సాలార్‌జంగ్‌కి శుక్రవారం. మామూలు వారాల్లో వీలు చేసుకోగలిగితే ఆదివారం వెళ్లకండి. జనం కాళ్ల మధ్య నుంచి రెండేళ్ల పిల్లకి ఏమీ కనిపించదు.

సంచీలో ఏం ఉండాలి

స్టీలు నీళ్ల సీసా, ఒక జత బట్టలు, రెండు మూడు చెడ్డీలు, తడి బట్టలకి ఒక కవర్, వెట్ వైప్స్, పాత కాటన్ చున్నీ ఒకటి. ఈ చున్నీ మాత్రం మర్చిపోవద్దు. ఎండకి నెత్తిన కప్పడానికి, గడ్డి మీద పరవడానికి, భుజం మీద నిద్రపోతే గాలి తగలకుండా చుట్టడానికి, ఆటోలో దుమ్ముకి అడ్డం పెట్టడానికి అదొక్కటే పనికొస్తుంది. స్ట్రోలర్ తీసుకెళ్లొద్దు. మన ఫుట్‌పాత్‌ల మీద పది అడుగులు నడపలేం, ఆటోలో ఎక్కించలేం. మాల్స్‌లో, ఎయిర్‌పోర్టులో అయితే బాగుంటుంది.

తిండి ఇంటి నుంచే. నెయ్యి రాసిన ఇడ్లీ ముక్కలు, అరటిపండు, చిన్న సున్నుండ ఒకటి. పెరుగన్నం చలికాలంలో సరే, ఎండాకాలంలో రెండు గంటల్లో పులుస్తుంది. పాలు కలిపి సీసాలో మోసుకెళ్లడం అసలు వద్దు. ద్రాక్షపళ్లు పెట్టేటట్టయితే నిలువుగా నాలుగు ముక్కలు కోయండి, గుండ్రంగా అలాగే ఇస్తే గొంతులో అడ్డం పడతాయి. పల్లీలు, పుట్నాలు, పాప్‌కార్న్ ఈ వయసుకి వద్దే వద్దు. కదిలే బస్సులో, ఆటోలో ఏదీ తినిపించకండి. బ్రేక్ వేసినప్పుడు నోట్లో ఉన్నది ఎటు పోతుందో చెప్పలేం.

ఓఆర్‌ఎస్ ప్యాకెట్, అంటే వాంతులు, విరేచనాలు అయితే నీళ్లలో కలిపి పట్టే పొడి, ఒకటి సంచీలో ఉంచుకోండి. దీని గురించి కాస్త ఎక్కువే చెప్తాను, ఎందుకంటే ఇది నా వృత్తి. ప్యాకెట్ మీద డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా అని రాసి ఉందో లేదో చూసి కొనండి. పెద్ద ప్యాకెట్ అయితే లీటరు నీళ్లకి ఒకటి. అర గ్లాసు నీళ్లలో ప్యాకెట్ అంతా కలపకూడదు, సగం సగం అంచనాగా వేయకూడదు. కలిపింది ఒక్క రోజు మాత్రమే ఉంచుకోవాలి. చెంచాతో కొద్దికొద్దిగా పట్టాలి, ఒకేసారి గ్లాసుడు తాగిస్తే మళ్లీ కక్కేస్తారు. అట్టపెట్టెల్లో పళ్ల రుచితో వచ్చే తియ్యటి డ్రింకులు ఓఆర్‌ఎస్ కాదు. వాటి మీద ఆ పేరు వాడకూడదని హైదరాబాద్‌లోనే ఉండే పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. చివరికి 2025 అక్టోబర్‌లో ఆహార పదార్థాల మీద నిఘా పెట్టే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ పేరు తీసేయమని ఆదేశించింది. విరేచనాలు అవుతున్న పిల్లకి అంత చక్కెర పట్టిస్తే విరేచనాలు ఇంకా ఎక్కువవుతాయి. షాపులో ఏది చేతికిస్తే అది తీసుకోకుండా అడిగి తీసుకోండి. పాప ఆరేడు గంటలుగా ఉచ్చ పోయకపోయినా, ఏడిస్తే కన్నీళ్లు రాకపోయినా, మగతగా ఉన్నా ఇంట్లో మందు వేయకుండా డాక్టర్ దగ్గరికి పరుగెత్తండి.

ఎందులో వెళ్లాలి

స్కూటర్ మీద ముందు నిలబెట్టి తీసుకెళ్లడం మన ఊళ్లో మామూలైపోయింది. దయచేసి మానేయండి. నాలుగేళ్ల లోపు పిల్లలకి హెల్మెట్, నడిపేవాళ్లకి కట్టి ఉంచే బెల్టు ఉండాలని, బండి 40 కిలోమీటర్ల వేగం దాటకూడదని 2022లోనే కేంద్రం నిబంధన తెచ్చింది. ఆ బెల్టు ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. మేం పాపని మా ఇద్దరి మధ్య కూర్చోబెట్టి నా నడుముకి బెల్టు కట్టుకుంటాం, అదీ కాలనీ దాటి పక్క వీధుల వరకే. పెద్ద రోడ్డు మీదికి పాపతో స్కూటర్ తీయను.

మా అమ్మకి సిటీ బస్సే ఇష్టం. ఆడవాళ్లకి బస్సు ఉచితం చేసిన మహాలక్ష్మి పథకం వచ్చాక, అంటే 2023 డిసెంబర్ నుంచి, ఆధార్ కార్డు చూపించి జీరో టికెట్ తీసుకుంటుంది. కానీ బస్సులో కిటికీ సీటు దొరికే వేళే ఎక్కాలి. పొద్దున ఎనిమిదిన్నర నుంచి పది దాకా పాపని ఎత్తుకుని ఎక్కే పని పెట్టుకోకండి.

మెట్రో పిల్లలకి పండగే. సాలార్‌జంగ్‌కి అయితే తార్నాకలో ఎక్కి పరేడ్ గ్రౌండ్‌లో దిగి, అక్కడ గ్రీన్ లైన్ మారి ఎంజీబీఎస్ (ఇమ్లీబన్ బస్టాండ్) స్టేషన్‌కి వెళ్తాం. ట్రైను మలుపు తిరిగినప్పుడు పాప అద్దానికి ముక్కు ఆనించి కింద వెళ్లే బస్సులన్నిటికీ టాటా చెప్తుంది. స్టేషన్లో లిఫ్ట్ వాడండి. ఎస్కలేటర్ ఎక్కాల్సి వస్తే తప్పనిసరిగా ఎత్తుకోండి. రబ్బరు చెప్పుల అంచులు, పొడవు పైజామాలు అందులో ఇరుక్కుంటాయి. రైల్లోకి అడుగుపెట్టేటప్పుడు, దిగేటప్పుడు కూడా చంకలోనే ఉండాలి.

గడియారం, మెట్లు, కూరగాయలు

సాలార్‌జంగ్‌లో గ్యాలరీలన్నీ తిప్పకండి. రెండేళ్ల పిల్లకి అక్కడ ఉన్నది ఒక్కటే, మ్యూజికల్ క్లాక్. గంటకి కొద్ది నిమిషాల ముందే ఆ హాల్లోకి వెళ్లి ముందు వరసలో చోటు చూసుకోండి. గడియారంలో చిన్న తలుపు తెరుచుకుంటుంది. గడ్డం ఉన్న బుల్లి మనిషి బయటికి వచ్చి, ఎన్ని గంటలైతే అన్నిసార్లు గంట కొట్టి లోపలికి పోతాడు. సుత్తి పట్టుకున్న ఇంకో బొమ్మ మాత్రం క్షణం క్షణం కొడుతూనే ఉంటుంది. అందరూ పన్నెండు గంటల ఆట కోసం వస్తారు, ఎక్కువసార్లు కొడతాడని. మీరు పదకొండుకి వెళ్లండి. ఒక్క దెబ్బే తక్కువ, జనం చాలా తక్కువ. మా పాపని భుజాల మీద కూర్చోబెట్టుకుంటాను. మొదటి దెబ్బకి ఉలిక్కిపడి నా జుట్టు పట్టుకుంటుంది. మూడో దెబ్బ నుంచి "ఠంగ్" అని తనే అంటుంది. తలుపు మూసుకున్నాక "తాత ఏడి?" అని అడుగుతుంది. "అన్నం తినడానికి వెళ్లాడమ్మా, మనం కూడా వెళ్దాం" అంటాను. ఏడుపు లేకుండా బయటికి రావడానికి అంతకంటే మంచి దారి నాకు ఇంతవరకు దొరకలేదు. ఇంకా ఓపిక ఉంటే పిల్లల గ్యాలరీలో బొమ్మ సిపాయిలు ఉంటారు. అంతటితో ఆపేయండి.

జూ నవంబర్ నుంచి ఫిబ్రవరి లోపే. 380 ఎకరాలు అది, అంతా చూపించాలనుకుంటే ముందు మీ నడుం పోతుంది. ఏనుగు, పక్షులు అనుకుని వెళ్లండి, బ్యాటరీ బండి ఎక్కి నేరుగా అక్కడికే పోండి.

ప్రతి వారం అంత దూరాలు అక్కర్లేదు కూడా. మాకు దగ్గర్లో ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ ఉంది. 1939లో ప్రారంభమైన ఆ రాతి భవనాన్ని చూడటానికి ఎక్కడెక్కడి నుంచో వస్తారు. మా పాపకి మాత్రం దాని ముందున్న మెట్లే ముఖ్యం. ఒక్కో మెట్టు మీద రెండు కాళ్లూ పెట్టి, నా వేలు పట్టుకుని ఎక్కుతుంది. దిగేటప్పుడు వేలు వదిలేసి కూర్చుని, ఒక్కో మెట్టూ జారుతుంది. మీకు దగ్గర్లో ఇలాంటి వెడల్పాటి మెట్లు, కాస్త ఖాళీ స్థలం ఎక్కడున్నా పొద్దున ఏడింటికి గంటసేపు తీసుకెళ్లండి. ఆ రోజు మధ్యాహ్నం నిద్ర ఎలా పడుతుందో మీరే చూస్తారు.

రైతు బజారు కూడా పిల్లలకి మంచి చోటే. తెరిచిన కొత్తలో వెళ్తే నేల తడిగా, ఆకుకూరలు తాజాగా ఉంటాయి, రద్దీ ఉండదు. పాప చేతికి చిన్న గుడ్డ సంచీ ఇవ్వండి. రెండు టమాటాలు, ఒక నిమ్మకాయ తన చేత్తోనే వేయించండి. తోటకూర కట్ట వాసన చూపించండి, బచ్చలాకు ముట్టుకోనివ్వండి. పచ్చిమిరపకాయల గుట్ట దగ్గర మాత్రం చేతులు పట్టుకోవాలి, ఆ చేత్తోనే కళ్లు నులుముకుంటారు. ఇంటికి వచ్చాక పాప తెచ్చిన టమాటాలనే పప్పులో వేసి, "ఇది నువ్వు తెచ్చిందే" అని చెప్పి పెడితే ఇంకో రెండు ముద్దలు ఎక్కువ తింటుంది.

మారాం చేస్తే, తప్పిపోతే

జారుడుబల్ల దగ్గర నుంచి ఒక్కసారిగా లాక్కొస్తే ఏ పిల్లయినా ఏడుస్తుంది. "ఇంకో రెండుసార్లు జారి వెళ్దాం" అని ముందే చెప్పండి, రెండు అయ్యాక మాట మార్చకండి. మూడోసారి ఒప్పుకుంటే పదోసారి కూడా ఒప్పుకోవాలి. ఏడుపు మొదలైతే జనంలోంచి పక్కకి తీసుకెళ్లి, నేల మీద కూర్చుని, నీళ్లు తాగించి, ఊరుకునేదాకా పక్కనే ఉండండి. చుట్టూ ఉన్నవాళ్లు చూస్తారు, చూడనివ్వండి. ఫోన్ చేతికి ఇవ్వొద్దు. రెండేళ్ల లోపు అసలు స్క్రీన్ వద్దని, ఆ తర్వాత ఐదేళ్ల దాకా రోజుకి గంట మించొద్దని ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ చెబుతోంది. బయటికి తీసుకెళ్లి ఫోన్ చూపిస్తే బయటికి వెళ్లినట్టే కాదు.

బస్సులో ఎవరో ఒకరు ప్రేమగా చాక్లెట్ ఇస్తారు. "పెద్దమ్మా, దీనికి పడదు, ఏమనుకోవద్దు" అని మా అమ్మ నవ్వుతూ చెప్తుంది. ఎవరూ బాధపడింది లేదు. బయల్దేరే ముందు మా అమ్మ పెట్టే దిష్టి చుక్క కూడా అరికాలికో బుగ్గకో ఉంటే ఇబ్బంది లేదు. కంట్లో కాటుక మాత్రం పెట్టొద్దు.

నుమాయిష్ (ఏటా జరిగే పెద్ద ఎగ్జిబిషన్) లాంటి చోటికి వెళ్తే ఇంకాస్త జాగ్రత్త కావాలి. మామూలుగా జనవరి 1న మొదలై నెలన్నర దాకా నాంపల్లిలో సాగుతుంది. సాయంత్రం తెరిచిన వెంటనే వెళ్లి చీకటి పడకముందే వచ్చేయండి, సంక్రాంతి సెలవుల్లో వద్దు. గేటు దగ్గరే పాపని నిలబెట్టి ఒక ఫోటో తీయండి. తప్పిపోతే ఏ రంగు గౌను వేశారో కంగారులో గుర్తు రాదు, పోలీసులకి ఫోటో చూపిస్తే సరిపోతుంది. మీ ఫోన్ నంబర్ బాల్‌పెన్‌తో పాప ముంజేతి లోపలివైపు రాయండి. పేరు పైకి కనిపించేలా రాయకండి. పేరు పెట్టి పిలిచేవాళ్ల వెంట పిల్లలు వెళ్లిపోతారు. లోపలికి వెళ్లాక "పాప నీ దగ్గర ఉందనుకున్నా" అనే మాట రాకూడదు. ఇప్పుడు ఎవరి చేతిలో ఉందో పైకి చెప్పుకోవాలి: "అమ్మా, ఇక నీ దగ్గర", "సరే, నా దగ్గరే." కనబడకపోతే ఒకళ్లు అక్కడే నిలబడాలి, ఇంకొకళ్లు మైకులో చెప్పించాలి. 112కి, చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కి వెంటనే ఫోన్ చేయాలి. ఐదు నిమిషాలు మనమే వెతుకుదాంలే అనుకోవద్దు.

మార్చి వచ్చిందంటే మా లెక్క మారుతుంది. అప్పుడు మ్యూజియానికి కూడా వెళ్లం, పొద్దున ఆరున్నరకి బయల్దేరి తొమ్మిదికల్లా ఇంట్లో ఉంటాం. మెట్లు, రైతు బజారు, కాలనీ పార్కు, అంతే. వానలు పడ్డాక మళ్లీ మెట్రో ఎక్కుతాం.